సవరణ: బోయింక్‌లో రెండు ఖాతాల క్రెడిట్లు కలవవు

బోయింక్ అంటే మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని శాస్త్ర పరిశోధనల లెక్కలకు ఇచ్చే సాఫ్ట్‌వేర్. చేసిన లెక్కలకు వచ్చే పాయింట్లే క్రెడిట్లు. అందులో కాలేజీ ల్యాబ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి ఖాతా తెరిచిన మన విజయనగరం కుర్రాళ్ల కోసం మొన్న ఒక పోస్టు పెట్టాను. రెండింటికీ ఒకే ఈమెయిల్ ఇస్తే క్రెడిట్లు కలిసిపోతాయని అందులో రాశాను. అది తప్పు, సరిగ్గా చూసుకోకుండా రాసేశాను. బోయింక్ సొంత వివరణ పత్రాల ప్రకారం సంగతి ఇదీ.

ఒక ప్రాజెక్టులో, అంటే బోయింక్ ద్వారా నడిచే ఒక్కో పరిశోధనలో, ఒక ఈమెయిల్‌కు ఒకే ఖాతా. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టులో రెండు ఖాతాలుంటే రెండోదానికి అదే ఈమెయిల్ పెట్టనివ్వదు. ఎక్కడి క్రెడిట్లు అక్కడే. ఇకనుంచి కంప్యూటర్లన్నీ ఒకే ఖాతాకు తగిలించుకోవడమే మార్గం.

వేర్వేరు ప్రాజెక్టుల్లో ఒకే ఈమెయిల్ ఉండి, ఒక కంప్యూటరైనా రెండింటికీ పనిచేస్తుంటే, గణాంకాల సైట్లు మిమ్మల్ని ఒకే మనిషిగా గుర్తించి మొత్తం చూపిస్తాయి. అది కూడిక మాత్రమే, బదిలీ కాదు.

నన్ను బోల్తా కొట్టించింది ఖాతా పేజీలోని మెర్జ్ బటన్. అది కంప్యూటర్ల కోసం. విండోస్ మళ్లీ వేశాక అదే ల్యాప్‌టాప్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది చూడండి, ఆ రెండింటినీ ఒకటి చేస్తుంది, అదీ ఒకే ఖాతాలో ఉంటేనే.

అన్నట్టు, క్రెడిట్లకు డబ్బులేమీ రావు. ఒక గిగాఫ్లాప్ (సెకనుకు వంద కోట్ల లెక్కలు) వేగమున్న యంత్రం రోజంతా లెక్కలు చేస్తే 200 క్రెడిట్లు, అంతే.

నా పోస్టు చూసి పాత ఖాతా డిలీట్ చేద్దామనుకుంటే ఆగండి. ఆ క్రెడిట్లు కొత్తదాంట్లోకి రావు.