‘వడ్డీ ఎంతకు తెచ్చారు?’ అని అడగని పాడ్‌కాస్ట్‌లు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి మా మిత్రుడితో కలిసి వెళ్లాను. మావాడు కొత్తగా మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్‌కి ఆయన మూడో గెస్ట్. మే నెల. షెడ్డు వెనక ఉన్న ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపించాం. ఏసీ లేదు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ 50 నిమిషాలు మాట్లాడారు. ‘మీ జర్నీ గురించి చెప్పండి సార్’ అన్నాడు మావాడు. ఆయనకు అది సన్మాన సభలా తోచినట్టుంది. నాన్నగారి ఆశీస్సులు, దేవుడి దయ, నమ్ముకున్న పని, కస్టమరు దేవుడు. ఒక్క మాట అబద్ధం కాదు, ఒక్క మాట గుర్తుండేదీ కాదు.

మైకులు విప్పేశాక టీ వచ్చింది. ‘మీకు దీనికి జీతం ఎవరిస్తారు బాబూ?’ అని అడిగారు. ఎవరూ ఇవ్వరు, చేతి డబ్బులే అని చెప్పాం. అప్పుడు మొదలైంది అసలు కథ. ఒక సంక్రాంతి ముందు రావాల్సిన బాకీలు రాలేదు. పండక్కి పనివాళ్లను ఉత్త చేతులతో ఊరికి పంపలేక, 5 లక్షల చీటీని రెండో నెలలోనే పాడేశారు. లక్షన్నర దాకా వదులుకోవాల్సి వచ్చింది. అది చాలక మూడు రూపాయల వడ్డీకి ఇంకొంత తెచ్చారు. భార్య గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయన్న సంగతి కూతురి పెళ్లిచూపుల దాకా అత్తగారికి తెలియనివ్వలేదట. పావుగంట చెప్పారు. ఒక్క ముక్కా రికార్డు కాలేదు.

తెలుగులో వ్యాపారవేత్తల ఇంటర్వ్యూలు ఈ మధ్య బాగా పెరిగాయి. పాడ్‌కాస్ట్ అంటే మొదట్లో చెవులకు సంబంధించిన వ్యవహారం. ఇప్పుడు మన దగ్గర ఆ మాటకు అర్థం రెండు కుర్చీలు, రెండు పెద్ద మైకులు, వెనక ఒక నియాన్ లైటు, యూట్యూబ్‌లో గంటన్నర వీడియో. దానికి నా అభ్యంతరం లేదు. జనం ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలి. నా బాధల్లా ఆ గంటన్నరలో ఏం అడుగుతున్నారన్నదే. ‘ఐడియా ఎలా వచ్చింది’, ‘ఫెయిల్యూర్ నుంచి ఏం నేర్చుకున్నారు’, ‘యూత్‌కి మీరిచ్చే మెసేజ్’. ప్రశ్నలు ఇడ్లీ పాత్రలో గుంటల్లాంటివి. పిండి ఎవరిదైనా ఇడ్లీ ఒకే ఆకారంలో దిగుతుంది.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ కథే తీసుకోండి. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న ఫణీంద్ర సామకు 2005 దీపావళికి ఇంటికొచ్చేందుకు బస్సు టికెట్ దొరకలేదు, 2006లో కంపెనీ పుట్టింది, 2013లో ఐబిబో అనే కంపెనీ దాన్ని కొనేసింది. టికెట్ దొరకని ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. టికెట్ దొరకనివాళ్లు ఆ పండక్కి వేలల్లో ఉంటారు. కాగితం చార్టు మీద పెన్సిలుతో సీట్లు రాసుకునే ట్రావెల్స్ యజమాని, కంప్యూటర్ కుర్రాళ్లను నమ్మి నాలుగు సీట్లు చేతిలో పెట్టడం మాత్రం అరుదు. ఆ బేరం ఎలా కుదిరింది? మొదట కాదన్న ఆపరేటరు తర్వాత ఎందుకు ఔనన్నాడు? కథ అక్కడుంది. మనం మాత్రం దీపావళి దగ్గరే ఆగిపోతాం.

ఈ ప్రక్రియకు అమెరికాలో ఒక ఒరవడి పెట్టినవి కొన్నున్నాయి. ఎన్‌పీఆర్ రేడియో తరఫున గై రాజ్ 2016లో మొదలుపెట్టిన ‘హౌ ఐ బిల్ట్ దిస్’ అందులో ఒకటి. తొలి ఎపిసోడ్ ఆడవాళ్ల లోదుస్తుల కంపెనీ స్పాంక్స్ పెట్టిన సారా బ్లేక్లీది. 5,000 డాలర్ల సొంత పొదుపుతో మొదలైన వ్యాపారం అది. అక్కడ డబ్బు ఎంతో అంకెతో సహా చెబుతారు. అంతకంటే ముందు, 2012లో, సైన్యంలో పనిచేసి వచ్చిన జాన్ లీ డ్యూమాస్ రోజుకొక వ్యాపారవేత్తను పలకరిస్తూ షో నడిపాడు. తన షో మీద నెలకెంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో సైట్‌లో పెట్టేవాడు. ఆయన ప్రశ్నలు ప్రతి గెస్టుకూ దాదాపు ఒకటే, అది నాకు నచ్చదు. కానీ ఎదుటివాడి లెక్క అడిగే ముందు తన లెక్క బయటపెట్టడం ఉంది చూశారూ, ఆటోనగర్‌లో పెద్దాయన నోరు విప్పిందీ అందుకే. మా జేబు సంగతి చెప్పాకే ఆయన జేబు సంగతి బయటికొచ్చింది.

మనవాళ్లు అక్కడినుంచి కుర్చీలూ మైకులూ తెచ్చుకున్నారు. షూటింగ్‌కి ముందు చేసే పని తెచ్చుకోలేదు. మిక్సర్జీ అనే షో నడిపిన ఆండ్రూ వార్నర్ పద్ధతిలో, గెస్టుతో రికార్డింగుకు ముందే ఒక ప్రొడ్యూసరు విడిగా మాట్లాడి ఏ సంఘటనలు ఉన్నాయో తవ్వి పెట్టేవారు. మన దగ్గర గెస్టు గుమ్మంలో దిగేదాకా ఆయన కంపెనీ పూర్తి పేరు కూడా యాంకరుకు తెలియని షూటింగులు నేను చూశాను.

నిజానికి మన దేశంలో ఈ హోంవర్కు ఖరీదు 100 రూపాయలు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఏదైనా కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఆ ఫీజు కట్టి దాని పత్రాలు తెరిచి చూడొచ్చు. ఏఓసీ-4 అన్న ఫారంతో పాటు ఆ ఏడాది లాభనష్టాలు, అప్పులు ఉంటాయి. ఎంజీటీ-7లో వాటాలు ఎవరెవరి చేతిలో ఉన్నాయో ఉంటుంది. ‘వంద కోట్ల కంపెనీ కట్టాను’ అని చెప్పే మనిషి ముందు ఆ కాగితాలు చదివి కూర్చుంటే ప్రశ్నలు వాటంతటవే మారతాయి. ‘సార్, 2021లో మీ అమ్మకాలు సగానికి పడిపోయాయి, ఆ ఏడు జీతాలు ఎలా ఇచ్చారు?’ అని అడిగితే, ఎదుటి మనిషి కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు. కోపంతో కాదు, వీడు చదివే వచ్చాడన్న గౌరవంతో.

కాగితాలు అన్నీ నిజమే చెబుతాయా అంటే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లం ఆ మాట అనలేం. 2008 సెప్టెంబరులో ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కి కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని పద్ధతిగా నడపడంలో, గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఉంది. పులి మీద స్వారీ చేస్తూ ఎలా దిగాలో తెలియలేదని ఉంది. అప్పట్లో ఈ పాడ్‌కాస్ట్‌లు ఉండి ఉంటే ఆయన కోసం క్యూ కట్టేవాళ్లు, అందరూ ‘సక్సెస్ సీక్రెట్’ అడిగేవాళ్లు. ఆడిటర్లే పట్టుకోలేనిది యాంకర్ పట్టుకుంటాడా? పట్టుకోడు. అయితే ఆ ఉత్తరానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న ఒక సంగతి జరిగింది. రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం 160 కోట్ల డాలర్లకు కొంటుందని ప్రకటించారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకు అని ఇన్వెస్టర్లు తిరగబడ్డారు. గంటల్లోనే ఆ కొనుగోలు వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రశ్నకు ఎంబీఏ అక్కర్లేదు. పచారీ కొట్టు నడిపేవాడికైనా తడుతుంది. అలాంటివి అడగడానికి మొహమాటం అడ్డొస్తే ఈ పనిలోకి రాకూడదు.

మొహమాటానికి ఒక కారణం డబ్బు. గెస్టు దగ్గరే డబ్బు తీసుకుని కూర్చోబెట్టే షోలు ఎక్కువయ్యాయి. ఇది మన దగ్గర పుట్టిన జబ్బు కాదు. ఒక ఎపిసోడ్‌లో కనిపించడానికి 50,000 డాలర్ల దాకా ఇస్తున్నారని 2022లోనే బ్లూమ్‌బర్గ్ రాసింది. ఇక్కడ రేటు తక్కువ, లెక్క అదే. డబ్బు పుచ్చుకుని చేసిన ప్రచారమైతే ఆ మాట చూసేవాడికి కనబడేలా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల సంస్థ ఏఎస్‌సీఐ 2021లో నియమాలు పెట్టింది. చెప్పేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్పాన్సర్ల దగ్గర తీసుకోండి, తప్పేం లేదు. కుర్చీలో కూర్చున్నవాడి దగ్గర తీసుకుంటే మాత్రం అది ఇంటర్వ్యూ కాదు, పెళ్లి వీడియో.

తీసుకోకపోతే ఎలా నడపాలి అంటారు. పొడుగు వీడియోల మీద యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి అర్హత రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. గంటలంటే భయమేస్తుంది గానీ, లెక్కేస్తే అవి 2,40,000 నిమిషాలు. మనిషి సగటున 8 నిమిషాలు చూస్తే 30,000 వ్యూస్. ఏడాదికి 25 ఎపిసోడ్లు పెడితే ఒక్కోదానికి 1,200. అసాధ్యమేమీ కాదు. చిన్న వీడియోలుండే షార్ట్స్ ఫీడ్‌లో వచ్చిన వ్యూస్ ఈ గంటల్లో కలవవు. కాబట్టి ఏడుపు క్లిప్పు ఒకటి వైరల్ అయినంత మాత్రాన గంటలు పెరగవు. అయినా మావాడితో సహా అందరికీ మొదటి నెలలోనే పెద్ద పేరు కావాలి. షేర్ల బ్రోకింగ్ కంపెనీ జిరోధా నిఖిల్ కామత్ షోకి 2025 జనవరిలో ప్రధాని వచ్చారు కదా అంటారు. కామత్ తానే పెద్ద గెస్టు అన్న సంగతి మర్చిపోతారు.

చూడాల్సింది లండన్‌లో హ్యారీ స్టెబింగ్స్ చేసిన పని. 2015లో 18 ఏళ్ల వయసులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి, అందరినీ కాకుండా స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వెంచర్ క్యాపిటల్ వాళ్లనే పట్టుకున్నాడు. చిన్న గుంపు, ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఒకడు మాట్లాడితే రెండోవాడు వింటాడు. చివరికి తానే ఫండ్ పెట్టాడు. ఆ తర్వాత అడిగేవాడూ పెట్టుబడి పెట్టేవాడూ ఒకడే అయ్యాడు, అది వేరే తలనొప్పి.

మనకు అలాంటి చిన్న గుంపులు కొరతా? భీమవరం చుట్టూ రొయ్యల మీద బతికే వాళ్లున్నారు. హేచరీ, మేత, ఐసు, ప్రాసెసింగ్, ఎగుమతి. ఒక్క రొయ్య మీదే 20 ఎపిసోడ్లు చేసిన మనిషి ఉండి ఉంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన రోజు చెరువు రైతు మొదలు ఎగుమతిదారు దాకా అందరూ అతని ఛానల్ తెరిచి చూసేవాళ్లు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు, సిరిసిల్ల మరమగ్గాలు, జీడిమెట్ల మందుల యూనిట్లు అలాగే పడి ఉన్నాయి. వాళ్లను ఎవరూ పిలవరు. ఫండింగ్ తెచ్చినవాడు ‘ఫౌండర్’, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు ‘ఓనరు’. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36 శాతం. అంత వడ్డీ కట్టి నిలబడ్డ వ్యాపారంలో లాభం ఎంత ఉండాలో ఇంగ్లిష్ షోలో అడగరు, అక్కడ ఆ లెక్కకు మాటే లేదు. చీటీ పాట, చేబదులు, ప్రోనోటు, బంగారం విడిపించడం. ఇవన్నీ తెలుగులోనే అడగాలి, తెలుగులోనే చెబుతారు.

నెలన్నర తర్వాత మావాడు మళ్లీ ఆటోనగర్ వెళ్లాడు, నన్నూ తీసుకెళ్లాడు. చీటీ సంగతి కెమెరా ముందు చెప్పమని బతిమాలాం. ‘అల్లుడు చూస్తాడయ్యా’ అన్నారు పెద్దాయన. కాసేపు ఆలోచించి గాజుల మాట వద్దు, మిగతాది చెబుతానన్నారు. సరేనన్నాం. ఇంకో షరతు, ఫ్యాన్ వేయాలన్నారు. వేశాం. ఎపిసోడ్ పొడుగునా గరగరమని వినిపిస్తూనే ఉంటుంది.