అంచు ఎవరిదో తేల్చండి

పర్లాకిమిడి ఆర్కెస్ట్రాల తరఫున ప్రభుత్వానికి విన్నపం. ఎలక్ట్రానిక్ డ్రమ్ము ప్యాడు మీద నడిమి భాగం ఎక్కడ ముగుస్తుందో, అంచు ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి వెంటనే ఒక సరిహద్దు కమిషన్ వేయాలి. ఈ విషయంలో మా అనుభవం చిన్నది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా జమీందారీని రెండుగా కోశారు. ఊరు ఇటొచ్చింది, కొంత నేల అటు మద్రాసులోనే ఉండిపోయింది. ఆ గీతకి కనీసం పటముంది. ప్యాడుకి అదీ లేదు.

ప్యాడు లోపల ఉండేది పీజో అనే బిళ్ల. దెబ్బ తాలూకు అదురును కరెంటుగా మార్చి, శబ్దం పుట్టించే పెట్టెకి, అంటే మాడ్యూలుకి పంపుతుంది. నడిమికొక బిళ్ల, అంచుకి మరో బిళ్ల, కాదంటే స్విచ్చి. అదురు గీతల్ని ఖాతరు చేయదు కదా, నడుమ కొడితే అంచు బిళ్లా ఉలిక్కిపడుతుంది. ఏది ఎక్కువ అదిరిందో పోల్చి మాడ్యూలు కొన్ని మిల్లీసెకన్లలో తీర్పు చెప్పేస్తుంది. అంత త్వరగా తేలిన హద్దు తగాదా మా జిల్లాలో ఇంకోటి లేదు, కాబట్టి తీర్పు తప్పితే ఆశ్చర్యపోం. పైగా రెండో పీజో కోసం ఎదురుచూసే మాడ్యూలుకి స్విచ్చి ప్యాడు తగిలిస్తే, తెలుగు అర్జీ ఒడియా గుమస్తా ముందు పెట్టినట్టే.

కేబుల్ సంగతి తేలిక. జాకు మీద నల్ల గీత ఒకటే ఉంటే మోనో. రెండుంటేనే అంచు గోడు మాడ్యూలు దాకా వెళుతుంది.

ఒక ప్యాడు కొడితే అదే స్టాండు మీది పక్క ప్యాడు పలకడం క్రాస్‌టాక్. హద్దుకి అవతల ఆంధ్రలోని పాతపట్నంలో మాట పుడితే పర్లాకిమిడిలో జవాబు రావడం మాకు మామూలే. దీనిపై ఫిర్యాదు లేదు.

డప్పు వాయించే మా చినమావ ఇదంతా విని నవ్వుతాడు. మంచుకి తోలు సాగితే ఆయన గడ్డి మంట వేసి సెగ చూపిస్తాడు. ఆయన సెన్సిటివిటీ బటను అదే.

అసలు పేచీ త్రెషోల్డుతో, అంటే ఎంత గట్టి దెబ్బ నుంచి లెక్కలోకి తీసుకోవాలో చెప్పే హద్దుతో. పెంచితే మెల్లని దెబ్బలకి పౌరసత్వం పోతుంది. తగ్గిస్తే పక్కనున్న సబ్‌వూఫర్ గర్జనకే, పుల్ల తగలకుండానే క్రాష్ తాళం మోగుతుంది. మొన్నొక పెళ్లిలో అలాగే మోగింది. జనం గట్టిమేళం అనుకుని అక్షింతలు వేసేశారు. తాళి ఇంకా కొబ్బరికాయ మీదే ఉంది. ఆ అక్షింతలు చెల్లుతాయో లేదో కూడా కమిషన్ పరిధిలో చేర్చవలసిందిగా ప్రార్థన.