లిఖితుడి కేసులో ఆఫీసు అభ్యంతరాలు

కాణిపాకం వెళ్ళే ప్రతి భక్తుడూ వినాయకుడి దర్శనంతో పాటు బాహుదా నది కథ కూడా విని వస్తాడు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఆకలికి ఆగలేక తమ్ముడు అనుమతి లేకుండా ఒక మామిడిపండు కోసుకు తిన్నాడు. రాజు దగ్గరికి వెళ్ళి శిక్ష అడగమన్నాడు అన్న. రాజు రెండు చేతులూ నరికించాడు. ఏటిలో మునిగి లేచేసరికి చేతులు తిరిగి వచ్చాయి. మహాభారతం శాంతిపర్వంలో వ్యాసుడు ధర్మరాజుకు చెప్పేదీ ఈ అన్నదమ్ముల కథే, అక్కడ రాజు పేరు సుద్యుమ్నుడు. వినేవారంతా రాజు ధర్మనిష్ఠకూ తమ్ముడి సత్యసంధతకూ దండం పెట్టుకుంటారు. ఈ జిల్లా కోర్టుల్లో బెంచి క్లర్కుగా పనిచేస్తున్న నాకు మాత్రం ఈ కథ విన్న ప్రతిసారీ ఒకటే సందేహం: ఫైలు ఏది?

ఫిర్యాదు, విచారణ, తీర్పు, అమలు అన్నీ ఒక్క పూటలో ముగిసిన ఆ కేసుకు నంబరు లేదు, ప్రతి వాయిదాకూ జరిగింది రాసుకునే డాకెట్ షీటు లేదు, ఏ డైరీలోనూ నమోదు లేదు. ఆ కొలువులో మంత్రులున్నారు, సేనానులున్నారు, వింజామరలు వీచేవారు కూడా ఉండే ఉంటారు. దాఖలైన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి రిటర్న్ చేయడానికి ఒక్క గుమాస్తా మాత్రం లేకపోయాడు. ఉండి ఉంటే లిఖితుడి చేతులకు ఆ గతి పట్టేదే కాదని మా వర్గం తరఫున సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇదే కేసు నేడు వస్తే ఏమయ్యేదో చూడండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపై, ముద్దాయికి అది తొలి నేరమై, ఆ విలువను తిరిగి చెల్లిస్తే విధించవలసిన శిక్ష సమాజ సేవ. ఒక్క మామిడిపండు ధర ఐదు వేలు దాటే రోజు ఇంకా రాలేదు, కనీసం మా జిల్లా రైతుకైతే రాలేదు. పైగా అంత చిన్న దొంగతనాన్ని మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు కనుక, కత్తి ఒరలో నుంచి బయటికి రావడానికి ముందే ఒక దరఖాస్తు నా బల్ల మీదికి రావాలి. నా బల్ల మీదికి వచ్చిన కాగితం వచ్చినంత వేగంగా తిరిగి వెళ్ళిన దాఖలా లేదు. పండు ఏ రకమో రాయలేదు, తోట సర్వే నంబరు లేదు, చెట్టు ఎవరిదో తెలిపే పత్రం జతపరచలేదు, ముద్దాయికి ఇవ్వవలసిన ప్రతి లేదు, పుటల సంఖ్య వేయలేదు. సరిచేసి ఏడు దినములలో తిరిగి దాఖలు చేయవలెను. ఈ ఏడు దినాలు ఏనాడూ ఏడు దినాల్లో ముగియవు. అయినా మేము గడువు రాయడం మానము, వారు దాటడం మానరు.

ఆ తరువాత సొత్తు సంగతి. పండు కడుపులోకి పోయింది కనుక స్వాధీనానికి మిగిలింది టెంక ఒక్కటే. దానికి చీటీ కట్టి, లక్క సీలు వేసి, ప్రాపర్టీ రిజిస్టరులో ఎక్కించి, సాక్ష్యం నాటికి ఎం.ఓ.1గా, అంటే కేసులో మొదటి సాక్ష్యవస్తువుగా, గుర్తించే వరకు కాపాడవలసిన బాధ్యత మాది. వాన కురిస్తే గది గోడ చెమ్మగిల్లుతుంది. విచారణ మొదలయ్యేసరికి టెంక మొలకెత్తిందనుకోండి, ఆ మొక్క వాది శంఖుడిదా, ప్రభుత్వానిదా అన్న ప్రశ్న మీద విడిగా ఒక పిటిషను వేసుకోవచ్చు.

ఇక వాయిదా. తీర్పు ఒక కేసుకు ఒక్కసారే వస్తుంది, వాయిదా మాత్రం కేసు పిలిచిన ప్రతిసారీ వస్తుంది. కనుక న్యాయస్థానం నుంచి కక్షిదారుకు నికరంగా అందేది వాయిదాయే. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత ఒక పక్షానికి రెండు వాయిదాలు మించరాదంటుంది. నిజమే, కాని అడిగి పుచ్చుకునే వాయిదాలకే ఆ లెక్క. అడగకుండా వచ్చేవాటికి చట్టంలో పరిమితి లేదు: సమన్లు పట్టుకెళ్ళిన ప్రాసెస్ సర్వరు ఆశ్రమానికి తాళం వేసి ఉందని రాసుకు వస్తాడు, దర్యాప్తు చేసిన హెడ్ కానిస్టేబులు బ్రహ్మోత్సవాల బందోబస్తుకు కొండ మీద ఉంటాడు, తోటమాలి సాక్షి జూన్ నెలంతా గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుసలో ఉంటాడు, జడ్జిగారు బదిలీ మీద వెళతారు, వకీళ్ళు విధులు బహిష్కరిస్తారు. ఈ లోపల అన్నదమ్ములకు మనసు కరిగి, ఇది రాజీ చేసుకోదగిన నేరమే కనుక, లోక్ అదాలత్‌లో చేతులు కలుపుకుని పోయేవారు. కలుపుకోవడానికి చేతులు కూడా ఉండేవి.

ఇంతా చేసి మాకు దక్కేది అపవాదు. అటెండరు మూడుసార్లు పేరు పిలుస్తాడు, వకీలు లేచి గడువు కోరతాడు, జడ్జిగారు తల ఊపుతారు, నేను డైరీ తిరగేసి తక్కువ కేసులున్న తేదీ చూసి డాకెట్టు మీద రాస్తాను. తలుపు దగ్గర నిలబడిన పెద్దాయన తుండుగుడ్డ చంకలో పెట్టుకుని, "యాపొద్దుకేసిరి సామీ?" అని అడుగుతాడు. చెబుతాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆ పొద్దు మావూర్లో గంగజాతర సామీ, రోంత ఇంగో పొద్దుకు మార్చరాదా" అంటాడు. మార్చే అధికారం నాకు లేదంటే నమ్మడు, ఆ తేదీ నా చేతిరాతలోనే ఉంది కదా. కోర్టులను కంప్యూటరీకరించే ఈ-కోర్ట్స్ పథకం మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2023లో 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలూ అంకెలూ గల సంఖ్య ఉంది. దాన్ని ఫోనులో నొక్కితే తేదీ కనబడుతుంది. పెద్దాయనకు ఆ సంఖ్య ఒక చీటీ మీద రాసిచ్చాను. మరుసటి వాయిదాకు ఆ చీటీ పట్టుకుని వచ్చి, ఇందులో ఏ తేదీ ఉందో చూసి చెప్పమని నన్నే అడిగాడు.

సాక్ష్యం విషయంలో రాజుగారి పద్ధతి మరీ అన్యాయం. ముద్దాయి తానే వచ్చి నేరం ఒప్పుకున్నాడట! కాణిపాకంలో కోనేట మునిగి తడిబట్టలతో ప్రమాణం చేయాలి, అబద్ధమాడితే స్వామి ఊరుకోడు. అందుకే మా నాయకులు ఒకరినొకరు ప్రమాణానికి అక్కడికే రమ్మంటారు. కోర్టు బోనెక్కి ప్రమాణం చేస్తావా అని సవాలు విసిరిన నాయకుణ్ణి నేను చూడలేదు. మా దగ్గర అటెండరు చెప్పింది ఒక్క గుక్కలో అప్పజెబితే చాలు, బట్టలు తడవవు.

అన్నింటికంటే తీవ్రమైన లోపం చివర జరిగింది. శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు ఉచితంగా ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకోవాలి. చదువురానివాడైతే వేలిముద్ర వేయించుకోవాలి. ముందే రెండు చేతులూ నరికించిన రాజుగారు ఈ రెండు మార్గాలనూ మూసివేశారు. పోనీ అవి తిరిగి వచ్చిన సంగతైనా కొలువుకు తెలియజేయాలి కదా, శిక్ష అమలైనట్లా కానట్లా అని వారెంటు వెనుక ఏమని రాయమంటారు? ఏమైనా ఆయనకిప్పుడు చేతులున్నాయి కనుక, సంతకం చేయలేనన్న సాకు చెల్లదు. లిఖితుడు ఏ పనిదినానైనా ఉదయం పదిన్నర దాటాక, గుర్తింపు పత్రం వెంట తెచ్చుకుని, సెక్షనులో నన్ను కలవగలడు.