సున్నం ఎవరు నానబెట్టారు?

ఉగాదికి ముందు వచ్చిన ఒక ఆదివారం నాడు, కావలికి తూర్పున సముద్రం వైపున్న ఒక పల్లెలో, చెన్నైలో ఉద్యోగం చేసే తమ్ముడు సెలవుకు ఇంటికి వచ్చి, ముందుగా ఏమీ తలపెట్టకుండానే పొద్దుగూకేలోగా ఇంటిపనీ దొడ్డిపనీ కలిపి ఆశ్చర్యపడేంత చేసి చూపించాడు. వెనకగదికి సున్నం వేశాడు, నిమ్మచెట్టు ఎండుకొమ్మలు కోశాడు, మిద్దె మీది నీటిగొట్టాల నోళ్లు తెరిచాడు, నీళ్ల ట్యాంకు కడిగాడు. కొత్త చింతపండు కూడా గింజ తీయించుకుని జాడీకెక్కింది. ఆ రోజు అలా కలిసిరావడానికి కారణమేమిటన్న దానిపై అతనికీ, తల్లిని చూసుకుంటూ ఆ ఇల్లు నడిపే అక్కకూ నడిచిన వాదాన్ని, మాటలు కొంత సర్ది ఇక్కడ ఉంచుతున్నాను. నా మొగ్గు ఎటువైపో చదువరికి తొందరలోనే తెలుస్తుంది. దాచే ఉద్దేశం నాకు లేదు.

తమ్ముడు: అక్కా, రాసిపెట్టుకున్న పనులు జరగవన్నది నా వాదం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక కాగితం నిండా పనులు రాశాను, వాటిలో ఒక్కదాని జోలికీ పోలేదు. ఇవాళ ఏమీ రాయలేదు. బొంతలు ఎండకు వేద్దామని వెనకగది తలుపు తీశాను. బొంతలు బయటికి వచ్చాక మూలల్లో బూజు కనిపించింది. బూజు దులిపాక, మరకలు పడ్డ ఆ గోడలను అలాగే వదిలి మళ్లీ సామాను లోపల పెట్టబుద్ధి కాలేదు. దొడ్లోకి వస్తే సున్నం తొట్టి ఎదురుగా ఉంది. ఒక పని ఇంకో పనిని వెంటబెట్టుకుని వచ్చింది. ముందే ప్రణాళిక వేసుకుని ఉంటే, నేను బొంతల దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

అక్క: సున్నం తొట్టి ఎదురుగా ఉందన్నావు. అది అక్కడికి దానంతట అది నడిచి రాలేదు కదా! గుల్లసున్నం నీళ్లలో పోస్తే కుతకుతమని ఉడికి, వేడి చల్లారి, వెన్నలా దిగడానికి ఒక రాత్రయినా పడుతుంది. ఇవాళ పొద్దున సున్నం వేయాలని నీకు తోచిందంటే, నిన్న సాయంత్రం ఎవరో దాన్ని నానబెట్టి ఉండాలి. వంటింటి వెనక గోడకు వేయిద్దామని నేను నానబెట్టాను. వడకట్టడానికి పాత పంచె ముక్క తొట్టి పక్కనే మడిచి పెట్టిందీ, కుంచె అటక మీద నుంచి దింపిందీ నేనే. నీకు దొరికింది సగం అయిన పని. దాన్ని మొదలుపెట్టిన ఘనత కూడా నీ ఖాతాలోనే వేసుకుంటున్నావు.

తమ్ముడు: నానబెట్టడం నీదే, కాదనను. కానీ సున్నం నానినంత మాత్రాన గోడ తెల్లబడదు. వెనకగదిలో పైకప్పు కారి మరకలు పడింది 2021 నవంబరు వానలకు; పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలుమార్గం దెబ్బతిన్న ఆ వానలప్పుడే. అప్పటినుంచి ఆ గోడలు అలాగే ఉన్నాయి. సున్నం కొనడానికి నీకు ఎన్నో ఏళ్లుగా వీలుంది, కుంచె అటక మీదే ఉంది. సిద్ధం చేసుకోవడాన్నే పనిగా లెక్కిస్తే, మన ఇంట్లో ఎప్పుడో అన్ని పనులూ అయిపోయి ఉండాలి.

(ఈ దెబ్బ తగిలిందని ఒప్పుకోవాలి. సామగ్రి అంతా సమకూర్చి, మంచిరోజు కోసం ఎదురుచూస్తూ సంవత్సరాలు గడిపే ఇళ్లు మన జిల్లాలో తక్కువేమీ లేవు. అయితే అక్క ఇచ్చిన జవాబు తమ్ముడు ఊహించింది కాదు.)

అక్క: ఆ గోడకు సున్నం వేయడానికి ఏడాదిలో పనికివచ్చే రోజులు ఎన్ని ఉంటాయనుకుంటున్నావు? పైన హైదరాబాదు వాళ్లకు వానలు ఆషాఢ శ్రావణాల్లో కురిసి వెలుస్తాయి. మన నెల్లూరు తీరానికి పెద్దవాన వచ్చేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమ గోడలోంచి పోవడానికి మాఘం గడవాలి. తేమ ఉండగానే పైన సున్నం పూస్తే పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది. పోనీ వైశాఖం దాకా ఆగుదామంటే, ఆ ఎండకు పూత గంటలో ఆరిపోతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిలా మారితేనే గోడను పట్టి నిలుస్తుంది; దానికి పూతలో కొంతసేపు తడి నిలవాలి. అంత తొందరగా ఆరితే చెయ్యి ఆనించినా తెల్లగా రాలుతుంది. గోడ ఆరి, ఎండ ఇంకా ముదరని రోజులు ఈ ఫాల్గుణమాసంలోనే ఉన్నాయి. నేను రోజూ ఆ గోడమీద అరచెయ్యి పెట్టి చూస్తూ ఉన్నాను. గోడ ఆరడం, నువ్వు రావడం ఒకే వారంలో పడ్డాయి. నీకు మాత్రం రెండోదే కనిపించింది.

తమ్ముడు: అయితే ఇది నీవల్లా కాదు, నావల్లా కాదు, రుతువు వల్ల అన్నమాట. అప్పుడు కూడా నా మాటే నిలుస్తుంది. రోజుకింత అని పంచుకుంటే అయ్యే పని కాదు ఇది. గదిలోని డ్రమ్ములు, పెట్టెలు, నులకమంచం అన్నీ ఒక్కసారే బయటికి రావాలి, అన్నీ ఒక్కసారే లోపలికి పోవాలి. అలాంటి పనికి ఒక నిండు రోజు, దానికి తోడు ఒక ఊపు ఉండాలి. ఆ ఊపు ఉంది కాబట్టే తొట్టి అడుగున మిగిలిన సున్నం నిమ్మచెట్టుకు కూడా పనికొచ్చింది. అది ఎవరి ప్రణాళికలోనూ లేదు.

అక్క: మిగిలిన సున్నం పనికివచ్చింది సరే, దానిలో కలిపిన మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేటు, ఎక్కడిది? ఒక లీటరు నీళ్లకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం కలిపితే బోర్డో పేస్టు అవుతుంది. కొమ్మ కోసిన చోట పూస్తే తెగులు లోపలికి దిగదు. ఆ పొట్లం నేను మార్గశిరంలో కావలి బజారులో కొని, పిల్లలకు అందకుండా గూట్లో పైన పెట్టాను. దాన్ని కలపడానికి నువ్వు ఇనుప బకెట్టు తీస్తుంటే, మైలుతుత్తం ఇనుమును తినేస్తుందని ప్లాస్టిక్ బకెట్టు తెచ్చిచ్చింది కూడా నేనే.

తమ్ముడు: మార్గశిరంలో కొన్నదానివి కొమ్మలు అప్పుడే ఎందుకు కోయించలేదు? దీనికి జవాబు చెప్పు.

అక్క: చెబుతాను, ముందు ట్యాంకు సంగతి తేలనీ. నువ్వు ఇవాళ చేసినవాటిలో అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నది అదే. నువ్వు లోపలికి దిగి గోడలు పీచుతో తోమావు, అది మంచి పని. డెంగీ దోమ గుడ్లు నీటిమట్టానికి కొంచెం పైన గోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి, నీళ్లు వంపేస్తే చాలదు, తోమాల్సిందే. కానీ గుడ్డు దోమ కావడానికి 8 నుంచి 10 రోజులు చాలు. ఆరోగ్యశాఖ వాళ్లు శుక్రవారం శుక్రవారం డ్రై డే అని, నిలవనీళ్లన్నీ వంపేసి ఆరబెట్టే రోజు పాటించమనేది అందుకే. మిద్దె మీది కుండీలు, కోళ్లకు నీళ్లు పెట్టే మూకుడు, ఫ్రిజ్ వెనక నీళ్లు పడే పళ్లెం, ఇవన్నీ నేను వారం వారం వంచుతాను. దాన్ని ఎవరూ ఫోటో తీయరు. నువ్వు ఏడాదికొకసారి చేసే ఘనకార్యంతో ఆ దోమ ఆగుతుందా?

(తమ్ముడు ఇక్కడ కొంతసేపు మాట్లాడలేదు. మాట్లాడవలసినది కూడా పెద్దగా లేదని నా అభిప్రాయం.)

తమ్ముడు: ఆ ఒక్కదాన్లో నీదే గెలుపు. కానీ వారం వారం చేసే పనికీ ఏడాదికొకసారి చేసే పనికీ వేరువేరు మనుషులు ఉంటే తప్పేముంది? నేను వారం వారం రాలేను. వచ్చినరోజు ఒళ్లు దాచుకోకుండా చేశానా లేదా అన్నది చూడు.

అక్క: చేశావు, ఆ మాట అమ్మ దగ్గర నేనే ముందు అన్నాను. తప్పు నీ ఒంట్లో లేదు, నీ లెక్కలో ఉంది. ఇవాళ పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రెండుసార్లు టీ నీకు చెయ్యి కడుక్కునే వేళకు అందాయి. నువ్వు చెప్పిన పనుల్లో అవి లేవు. చింతపండు మాత్రం ఉంది. ఆ చింతపండుకు నువ్వు చేసింది బస్తా మిద్దెమీదికి చేర్చడం. గింజ తీసింది, ఈనెలు తీసింది, ఉప్పు కలిపి జాడీలో అదిమింది అమ్మ. సముద్రపు గాలికి తేమ పీల్చి నల్లబడుతుందని మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చుని ఎండ ఉండగానే ముగించింది. రాత్రి నువ్వు చెన్నైలో స్నేహితులకు చెప్పేటప్పుడు ‘చింతపండు కూడా పెట్టేశాం’ అంటావు. ఆ ‘శాం’లో నీ వాటా ఎంత?

తమ్ముడు: సరే, వాటాలు వేద్దాం. అమ్మది తీసెయ్యి, నీది తీసెయ్యి, రుతువుది తీసెయ్యి. నిచ్చెన మిగులుతుంది. నిమ్మచెట్టు పైకొమ్మలకు నువ్వు ఒంటరిగా ఎక్కలేవు, గోడ పైభాగానికి కుంచె అందదు. ఇవాళ ఆ రెండూ ఎందుకు అయ్యాయంటే నువ్వు కింద పట్టుకున్నావు, నేను పైకి ఎక్కాను. మార్గశిరం ప్రశ్నకు నువ్వు చెప్పని జవాబు ఇదేనని నా అనుమానం.

అక్క: సగం అదే. మార్గశిరంలో చెట్టు ఇంకా తడితడిగా ఉంటుంది. వానచినుకు చిందినప్పుడు గజ్జితెగులు ఆకునుంచి ఆకుకు పాకుతుంది, అప్పుడు కోసిన గాయాలు దానికి దారి. కనుక పుష్యం దాకా ఆగడం సరైనదే. పుష్యం తరువాత ఆగింది మాత్రం నిచ్చెన పట్టే మనిషి లేకే. కూలికి పిలుద్దామంటే, అరపూట పనికి ఎవరూ రారు, పూర్తిపూట పని నా దగ్గర లేదు.

తమ్ముడు: ఈ మాట ఫోనులో ఒక్కసారి చెప్పి ఉంటే మాఘంలోనే వచ్చేవాణ్ణి కదా.

అక్క: చెబితే నువ్వు కాగితం మీద రాసుకుంటావు. రాసుకున్న పని జరగదని ఇందాకే సిద్ధాంతం చేశావు.

తమ్ముడు: ఆ సిద్ధాంతాన్ని కొంచెం సవరిస్తాను. నేను రాసుకున్నది జరగదు. నువ్వు రాసి, సామాను ఎదురుగా పెట్టి, నాకు చెప్పకుండా ఉంటే జరుగుతుంది.

అక్క: అంటే తలచుకోవడం నాది, ఆశ్చర్యపోవడం నీది! అది కుదరదు. వచ్చేనెల మిరపకాయలు తెప్పిస్తున్నాను. వాటికి వరసగా ఎండలు కావాలి, తొడిమలు తీయడానికి చేతులు కావాలి. ఏ శనివారం వస్తావో ఇప్పుడే చెప్పి రైలెక్కు. దానికంటే ముందు, కోసిన నిమ్మకొమ్మలు బావి దారిలోనే పడేసి వచ్చావు. అమ్మ తెల్లవారుజామున చెప్పుల్లేకుండా అటే నడుస్తుంది. ముళ్లు ఏరి గోడవతల వేసిరా, టార్చి గూట్లో ఉంది.