సవరణ: బ్యాటరీ వోల్టేజి కొలిచే డివైడర్ విలువలు

లిథియం సెల్‌తో నడిచే డేటా లాగర్ గురించిన పోస్టులో, కరెంటు ఆదా కోసం రెండు 10 మెగాఓమ్ రెసిస్టర్ల డివైడర్‌ను (బ్యాటరీ వోల్టేజిని సగానికి తగ్గించే జతను) నేరుగా ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) పిన్‌కు కలపమని రాశాను. అది తప్పు. డేటాషీట్ ప్రకారం ఆ ఏడీసీకి సోర్స్ ఇంపెడెన్స్ (సిగ్నల్ ఇచ్చే వైపు నిరోధం) సుమారు 10 కిలోఓమ్‌లు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఆ డివైడర్‌ది 5 మెగాఓమ్‌లు. లోపలి 14 పికోఫారడ్ కెపాసిటర్ సమయానికి నిండదు. పైగా పిన్ లీకేజి గరిష్ఠంగా 1 మైక్రోఆంప్ దాకా ఉండొచ్చు కాబట్టి రీడింగును నమ్మలేం.

సరైన పద్ధతి: రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లు, ఏడీసీ పిన్ నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ (లోపలి కెపాసిటర్‌ను వెంటనే నింపేది ఇదే), డివైడర్ పైన, బ్యాటరీ వైపు, పీ-మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) స్విచ్. స్విచ్ వేశాక 40 మిల్లీసెకన్లు ఆగి చదవాలి, ఎందుకంటే టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటర్ ఎంత త్వరగా నిండుతుందో చెప్పే కొలత) 5 మిల్లీసెకన్లు, ఏడీసీ 10 బిట్ల ఖచ్చితత్వానికి అందులో దాదాపు ఏడు రెట్ల సమయం కావాలి. 4.2 వోల్టుల దగ్గర 21 మైక్రోఆంపులు పోయేది ఆ కాసేపే. నిమిషానికొక రీడింగైతే డివైడర్ సగటు 14 నానోఆంపులే. పాత డివైడర్ ఎప్పుడూ 210 నానోఆంపులు తాగేది!

స్విచ్‌ను కింద, గ్రౌండ్ వైపు పెట్టకండి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు 3.3 వోల్టులతో నడిచే చిప్ పిన్‌కు బ్యాటరీ వోల్టేజి మొత్తం చేరుతుంది. పీ-మాస్‌ఫెట్ గేటును కూడా పిన్‌తో నేరుగా కాక చిన్న ఎన్-మాస్‌ఫెట్‌తో నడపాలి, లేకపోతే గేటుకు బ్యాటరీ వోల్టేజి కాక 3.3 వోల్టులే అంది అది పూర్తిగా ఆఫ్ కాకపోవచ్చు.