దయచేసి ఆ డ్రైవర్ల సందేశాన్ని ఇంకెవరికీ పంపకండి

‘వైఫై, సౌండ్ పనిచేయడం లేదా? షాపుకు వెళ్లకుండా ఈ అయిదు పనులు చేయండి’ అన్న సందేశం మళ్లీ వచ్చింది. అందులో ఉన్నదంతా డ్రైవర్ల గురించే, అంటే కంప్యూటర్‌లోని పరికరాలను విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ చేత పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్‌ల గురించే. ఈసారి పంపినవారిలో కంప్యూటర్ చదువులు చదివినవారూ ఉన్నారు. అందుకే చిరాకు ఆపుకోలేక రాస్తున్నాను.

‘పెట్టె మీది మోడల్ పేరుతో వెతికి డ్రైవర్ ఎక్కించండి’ అట. టీపీ-లింక్ అమ్మిన డబ్ల్యూఎన్722ఎన్ వైఫై అడాప్టర్‌నే తీసుకోండి. మొదటి వెర్షన్‌లో అథెరాస్ చిప్ ఉంది, రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్ పెట్టారు. మోడల్ పేరు మాత్రం మారలేదు. ఒకదాని డ్రైవర్ రెండోదానికి పనికిరాదు. చూడవలసింది చిప్ గుర్తింపు సంఖ్య. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడ ‘వెన్’ (VEN, అంటే తయారీ కంపెనీ) పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 10డీఈ ఉంటే ఎన్‌విడియా. ‘డెవ్’ (DEV) పక్కనున్నది ఆ కంపెనీ చిప్‌లలో ఇది ఏదో చెబుతుంది. యూఎస్‌బీ పరికరాలకైతే వీటి స్థానంలో ‘విడ్’ (VID), ‘పిడ్’ (PID) ఉంటాయి.

‘తేదీ పాతదైతే డ్రైవర్ పాతబడినట్టే’ అన్నదీ తప్పే. విండోస్‌తో వచ్చే చాలా డ్రైవర్ల మీద 2006 జూన్ 21 అనే ఉంటుంది, కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌కు ప్రాధాన్యం దక్కాలని మైక్రోసాఫ్ట్ కావాలనే అలా వేసింది. ఇంటెల్ చిప్‌సెట్ ఫైళ్ల మీదైతే 1968 జూలై 18 కనిపిస్తుంది. అది ఆ కంపెనీ పుట్టిన రోజు.

అసలు కోపం మూడో అంశం మీద. ‘ఉచిత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దించుకోండి, అడ్డుపడితే యాంటీవైరస్‌నూ డ్రైవర్ సంతకాల తనిఖీనీ ఆపేయండి.’ సంతకాల తనిఖీ అంటే డ్రైవర్ నమ్మదగిన చోటు నుంచే వచ్చిందా, మధ్యలో ఎవరైనా మార్చారా అని విండోస్ చూసుకోవడం. ఈ సలహా రాసినవారికి కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) నడిచే డ్రైవర్ చేతికి ఏమేమి అందుతాయో తెలుసా? మీ ఫైళ్లు, మీరు కొట్టే పాస్‌వర్డ్, చివరకు యాంటీవైరస్ కూడా. 2020లో రాబిన్‌హుడ్ ముఠా ఏం చేసింది? గిగాబైట్ అనే మదర్‌బోర్డుల కంపెనీది, లోపమున్న పాత డ్రైవర్‌ను వెంట తెచ్చుకుంది. దాని సాయంతో సంతకాల తనిఖీని ఆపింది, తన సొంత డ్రైవర్‌ను ఎక్కించి యాంటీవైరస్‌ను పడగొట్టింది, ఆపైన ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దొంగలు అంత కష్టపడి ఆపిన తనిఖీని మీ చేత్తో మిమ్మల్నే ఆపమంటోంది ఈ సందేశం! దీన్ని మీ అమ్మానాన్నలకు కూడా పంపారా?

‘లినక్స్‌కు డ్రైవర్లే అక్కర్లేదు’ అన్న మాటకు (లినక్స్ అంటే విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఒక్క జవాబు చాలు: దానికీ డ్రైవర్లు కావాలి, కాకపోతే చాలా డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి కాబట్టి విడిగా ఎక్కించే పని తక్కువ.

అయిదోది మాత్రం నిజంగా మంచి సలహా, ఒప్పుకుంటాను. నెట్ రాని కంప్యూటర్‌కు ఆండ్రాయిడ్ ఫోను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టమన్నారు, అంటే ఫోను నెట్‌ను కేబుల్ మీదుగా కంప్యూటర్‌కు ఇవ్వమన్నారు. దానికి కావలసిన డ్రైవర్ సాధారణంగా విండోస్‌లోనే ఉంటుంది. నెట్ రాగానే ముందు విండోస్ అప్‌డేట్ నడపండి. అక్కడ దొరకకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ సీరియల్ నంబరు ఇచ్చి వెతకండి.