భద్రాద్రి దారిలో ఇల్లెందు

సెలవులకు స్వదేశం వెళ్ళిన మన సంఘం సభ్యుల్లో చాలామంది భద్రాచలంలో రాముణ్ణి దర్శించుకుని, పర్ణశాల, కిన్నెరసాని చూసుకుని తిరిగి వస్తారు. ఆ యాత్రలో ఒక పూట ఇల్లెందుకు కేటాయించమని నా విన్నపం.

సింగరేణి బొగ్గు గనుల చరిత్ర మొదలైంది అక్కడే. భద్రాద్రికి వెళ్ళే యాత్రికులు నల్లరాళ్ళతో పొయ్యి పేర్చుకుంటే ఆ రాళ్ళే అంటుకున్నాయని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొంది, 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు తీయడం ప్రారంభించింది. 1920లో అది సింగరేణి కాలరీస్‌గా మారింది. తరువాత గనులు గోదావరి లోయ వెంట ఉత్తరానికి విస్తరించాయి, సంస్థ కేంద్రం కొత్తగూడేనికి తరలింది, పెద్దలు నేటికీ బొగ్గుట్ట అని పిలుచుకునే ఇల్లెందు, ఆ సంస్థ పుట్టిన ఊరు మాత్రం వెనకబడింది.

ఇల్లెందును గనుల ఊరని మాత్రమే అనడం సరికాదు. చుట్టూ మిర్చి, పత్తి, మొక్కజొన్న చేలున్నాయి. అన్న బాయిపనికి (గనిపనికి), తమ్ముడు చేనుపనికి వెళ్ళిన ఇళ్ళున్నాయి. సమీపంలోని బయ్యారంలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన పెద్ద చెరువుంది. కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే శాసనం ఆ చెరువు వద్దే దొరికింది. ఇనుప ఖనిజం గల గుట్టలూ ఆ బయ్యారంలోనే ఉన్నాయి. పంటనూ ఖనిజాన్నీ ఇంత దగ్గరగా చూపగల ప్రాంతాన్ని మన పిల్లలు తప్పక చూడాలి.

అయితే నన్ను ఎక్కువగా కలవరపరుస్తున్నది మరొకటి. తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారలతో) భూగర్భంలో బొగ్గు నింపిన తరం వృద్ధాప్యంలో ఉంది. ఓపెన్‌కాస్టుల్లో (నేలపై నుంచే తవ్వే గనుల్లో) యంత్రాలే తవ్వుతున్న ఈ రోజుల్లో పైకప్పు కూలుతుందేమోనన్న భయంతో షిఫ్టు గడిపిన అనుభవాన్ని వారు తప్ప మరెవ్వరూ చెప్పలేరు. మన సంఘం స్వగ్రామాల కోసం సేకరించే విరాళాల్లో కొంత భాగాన్ని వారి మాటలను వారి అనుమతితో రికార్డు చేయడానికి వెచ్చించాలి. గనులకు భూములిచ్చిన రైతులనూ, అడవితో బతుకు ముడిపడిన కోయ కుటుంబాలనూ అందులో చేర్చకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది. సిద్ధమైన ప్రతులు ముందుగా ఇల్లెందు పాఠశాలలకు, గ్రంథాలయానికి అందాలి; మన వెబ్‌సైటుకు ఆ తరువాతే రావాలి.